చుట్టం చేతిలో ఏం పెడదాం?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో "ఆరోగ్యం – అలవాట్లు" అంశం మీద, హనుమాన్ జంక్షన్ దగ్గరి ఒక గ్రామ సంఘం సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచీ రికవరీ గురించి, బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి గురించి పెద్దవాళ్లు మాట్లాడారు. నాకేమో ఆరోగ్యం గురించి చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. పదో తరగతి తప్పినదాన్ని. కొట్టు నడుపుకునేదాన్ని. అందుకని తెలిసినంతవరకే చెబుతాను. నాకు జరిగింది చెబుతాను, తర్వాత నేను అడిగి తెలుసుకున్నది చెబుతాను. రెండూ కలిపేయను.

ముందే ఒక సంగతి ఒప్పేసుకుంటా. నేను కూల్ డ్రింకులు అమ్మి బతికేదాన్ని. ఇవాళ కూల్ డ్రింకులు తగ్గించండి అని చెప్పడానికి నిలబడ్డాను. "నువ్వా చెప్పేది!" అని వెనక వరసలో మా ఊరివాళ్లు నవ్వుతున్నారు, నాకు కనపడుతూనే ఉంది. నవ్వండి, పర్లేదు.

మా కొట్టు మీలో చాలామందికి తెలుసు. జంక్షన్ నుంచి నూజివీడు రోడ్డులోకి తిరిగాక వస్తుంది. ఆరేళ్ల క్రితం సంఘం నుంచి 30 వేలు తీసుకుని పెట్టాను. అప్పట్లో బిస్కెట్లు, సబ్బులు, పాల ప్యాకెట్లు, అంతే. తర్వాత ఒక కంపెనీ మనిషి వచ్చి, "అమ్మా, ఫ్రిజ్ ఊరికే ఇస్తాం, కరెంటు బిల్లు మీరు కట్టుకోండి, అందులో మా సరుకే పెట్టాలి" అన్నాడు. గాజు తలుపు, లోపల లైటు. రాత్రిపూట చూస్తే కొట్టుకే కళొచ్చింది. బైపాస్ పడ్డాక పెద్ద లారీలు ఊళ్లోకి రావడం తగ్గినా, గుడివాడ నుంచి నూజివీడు వెళ్లే బండ్లు, బస్సు దిగినవాళ్లు, మామిడికాయల సీజన్లో ఆటోలు, వ్యాన్లు... ఎండాకాలం రోజుకు అరవై సీసాలు పోయేవి. కిస్తీ ఏ నెలా ఆగలేదు. ఆ మాటా చెప్పాలి, లేకపోతే నేను ఆ సీసాకు విశ్వాసం లేనిదాన్ని అవుతాను.

కొట్టులో ఫ్రిజ్ ఉన్నాక చెయ్యి దానిమీదకే పోతుంది. పొద్దున పదకొండింటికి ఎండ ఎక్కుతుంటే ఒకటి. మధ్యాహ్నం అన్నం తిన్నాక కడుపు బరువుగా ఉంటే ఒకటి. రాత్రి పదిన్నరకు కొట్టు కట్టేసి, అప్పుడు భోంచేసి, గ్యాస్ పట్టినట్టుందని ఇంకొకటి. మన ఊళ్లలో అదో నమ్మకం కదా, గ్యాస్ పడితే సోడా తాగు, తేన్పు వస్తే పోతుంది అని. తేన్పు వచ్చేది. హాయిగా ఉండేది. పావుగంట.

ఆ తర్వాత పడుకుంటే నిద్ర రాదు. ఒంటిగంట దాకా ఫ్యాను చూస్తూ పడుకునేదాన్ని. పట్టీ పట్టగానే గొంతులోకి పుల్లగా, మంటగా ఎగదన్నేది. లేచి కూర్చోవాలి. రెండింటికి బాత్రూముకి, మళ్లీ నాలుగింటికి. అయిదుకు పాల వ్యాను హారన్. పొద్దున లేచేసరికి తల దిమ్ము, కాళ్ల పీకులు, ఎవరు పలకరించినా కసురుకోవడం. మా అత్తగారు "దీనికి దిష్టి తగిలింది" అని మిరపకాయలు తిప్పిపోసింది. నేను మటుకు బీపీ అనుకున్నా. వయసు నలభై రెండు కదా, నెలసరి ఆగే ముందు ఇలాగే ఉంటుందేమో అని కూడా అనుకున్నా. నిద్ర రావట్లేదని పగలు ఇంకో టీ, ఇంకో సీసా. నిద్ర లేదని తాగడం, తాగినందుకు నిద్ర లేకపోవడం. నాకు ఆ ముడి కనపడలేదు.

ఏడాదిన్నర క్రితం మా ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో షుగరు, బీపీ పరీక్షలు చేస్తున్నారని వీఓఏ అందర్నీ తీసుకెళ్లింది. పరగడుపున చూస్తే నాకు 118 వచ్చింది. వంద లోపు ఉండాలి, 126 దాటితే షుగరు జబ్బు కిందే లెక్క, నువ్వు మధ్యలో గట్టు మీద ఉన్నావు అని చెప్పింది అక్కడి నర్సమ్మ. ఆ అమ్మాయి మందులు రాయలేదు. ఒకటే అడిగింది. "అక్కా, పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం తాగుతారు? తినేది కాదు, తాగేది చెప్పండి."

చెప్పాను. రాసుకుంది. లెక్క కట్టి చూపించింది. అక్కలూ, ఆ లెక్క మీకూ చెబుతాను. మనం లెక్కల మనుషులం, పది రూపాయలు తేడా వస్తే రాత్రి పొద్దుపోయేదాకా పుస్తకాలు తిరగేస్తాం.

కూల్ డ్రింకులో నూరు మిల్లీలీటర్లకు దాదాపు పది, పదకొండు గ్రాముల పంచదార ఉంటుంది. సీసా మీదే రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లో. పావు లీటరు సీసా అంటే పాతిక గ్రాములు దాటుతుంది. చెంచాకు అయిదు గ్రాములు వేసుకోండి, అయిదు చెంచాలు. మనింట్లో ఎవరైనా టీలో అయిదు చెంచాలు వేసుకుంటే చెయ్యి పట్టుకుంటాం. చల్లగా ఉండి, గ్యాసు నాలుక మీద చిటపటలాడుతుంటే ఆ తీపి తెలియదు. ఒకసారి సీసా మూత తీసి పొద్దుటిదాకా బయటపెట్టి, గ్యాసంతా పోయాక వెచ్చగా తాగి చూడండి. పాకం తాగినట్టు ఉంటుంది.

నావి రోజుకు మూడు. అంటే డెబ్బై అయిదు గ్రాములు పైమాటే. నెలకు రెండు కిలోల పావు. మన రేషన్ కార్డు మీద ఇచ్చేది అర కిలో పంచదార. నాలుగు కార్డుల పంచదార నేనొక్కదాన్నే, నీళ్లలో కలుపుకుని తాగేశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన దాని ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు పాతిక గ్రాముల లోపు ఉంటే మంచిది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా దాదాపు అదే మాట, రోజుకు ఇరవై నుంచి పాతిక గ్రాములు. అంటే ఒక్క సీసాతో రోజు కోటా అయిపోయింది. ఇంక టీలు, స్వీట్లు అన్నీ అప్పు కిందే.

డబ్బు లెక్క ఇంకోటి. మూడు ఇరవైలు అరవై. నెలకు పద్దెనిమిది వందలు. నా కొట్టే కాబట్టి కొన్న ధర వేసుకున్నా పదిహేను వందలు దాటుతుంది. సంఘంలో నెల పొదుపు రెండొందలు కట్టడానికి "ఈ నెల కష్టంగా ఉంది" అని ఎన్నిసార్లు అన్నానో మా లీడరుకు తెలుసు.

ఇక నిద్ర సంగతి. దీన్ని నర్సమ్మ చెప్పింది, తర్వాత మా అబ్బాయి చేత చదివించుకుని అర్థం చేసుకున్నా. పగలంతా మనం మెలకువగా ఉండేకొద్దీ మెదడులో ఒక పదార్థం పోగవుతుంది, పేరు అడినోసిన్. అది పెరిగేకొద్దీ ఇక పడుకో అని ఒంటికి కబురు వెళుతుంది. నల్ల రంగు కూల్ డ్రింకుల్లో, టీలో, కాఫీలో కెఫీన్ ఉంటుంది. అడినోసిన్ కూర్చోవాల్సిన పీట మీద ఈ కెఫీన్ ముందే వచ్చి కూర్చుంటుంది. కబురు అందదు. అలసట ఒంట్లోనే ఉంటుంది, నిద్ర మటుకు రాదు. పైగా తాగిన కెఫీన్లో సగం తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది. కొందరిలో ఇంకా ఎక్కువ. కడుపుతో ఉన్నవాళ్లలో అయితే చాలా ఎక్కువసేపు ఉండిపోతుంది.

నిజం చెప్పాలంటే ఒక సీసా కూల్ డ్రింకులో కెఫీన్ మరీ ఎక్కువేం కాదు. పాతిక మిల్లీగ్రాముల లెక్కన ఉంటుంది. కప్పు కాఫీలో దానికి రెండింతలు, మూడింతలు ఉంటుంది. కానీ నేను సాయంత్రం రెండు టీలు తాగి, దాని మీద పదిన్నరకు సీసా తాగేదాన్ని. ఇక గ్యాసు. పొట్ట ఉబ్బి, అన్నవాహికకు కింద ఉండే మూత సడలి, పడుకోగానే పులుపు పైకి వస్తుంది. అన్నం తిన్న వెంటనే పడుకుంటే మరీనూ. ఆ మీద పావు లీటరు నీళ్లు, బాత్రూముకు లేపడానికి. నిద్ర చెడగొట్టడానికి ఒక దొంగ చాలు, నేను నలుగుర్ని ఇంట్లోకి పిలిచి తలుపేసుకున్నా.

తెల్లగా, నిమ్మకాయ వాసనతో ఉండేవాటిలో మామూలుగా కెఫీన్ ఉండదు. పంచదార మటుకు అంతే. "జీరో" అని రాసిన నల్ల డ్రింకుల్లో పంచదార ఉండదు, కెఫీన్ ఉంటుంది. కాబట్టి ఒకటి మార్చి ఇంకోటి పట్టుకోవడం వల్ల లాభం లేదు.

సరే, ఎలా తగ్గించానో చెబుతాను. ఒక్కరోజులో మానేస్తానని మొదట శపథం పట్టాను. రెండో రోజుకే తలనొప్పి. కణతలు పగిలిపోయేంత. ఇది లేకపోతే బతకలేనేమో అని మూడో రోజు మళ్లీ తాగేశా. అలవాటైన కెఫీన్ ఒక్కసారి ఆపితే కొన్ని రోజులు తలనొప్పి, చిరాకు రావడం మామూలేనని, అది జబ్బు కాదని తర్వాత తెలిసింది. అందుకని రెండోసారి మెల్లగా దిగాను. మొదటి వారం రాత్రి సీసా ఒక్కటే ఆపా. సాయంత్రం నాలుగు దాటాక టీ కూడా లేదు. రెండో వారం మధ్యాహ్నానిది ఆపా. మూడో వారం పొద్దుటిది రోజు మార్చి రోజు. నెల తిరిగేసరికి ఆదివారం ఒక్కటి, అదీ నలుగురం పంచుకుని.

మధ్యలో జారాను కూడా. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్లో బిర్యానీ తింటూ రెండు సీసాలు తాగా. ఆ రాత్రి మళ్లీ రెండింటిదాకా ఫ్యాను చూస్తూ పడుకున్నా. ఒక రకంగా ఆ రాత్రే నాకు గట్టి నమ్మకం కుదిరింది. నెల రోజులు బాగా నిద్రపోయినదానికి ఒక్క రాత్రి పోతే ఎక్కడ పోయిందో తెలుస్తుంది. రోజూ పోతుంటే తెలియదు.

మూడో వారం చివర్లో ఒకరోజు పాల వ్యాను హారన్‌కు ఉలిక్కిపడి లేచాను. రాత్రి మధ్యలో లేచినట్టే గుర్తులేదు. మంచం మీద కూర్చుని కాసేపు అలాగే ఉండిపోయా. మా ఆయన "ఏమైంది?" అంటే, "ఏం కాలేదు, నిద్రపోయాను" అన్నా. నవ్వొస్తుంది ఇప్పుడు చెబుతుంటే, అప్పుడు మటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆరు నెలలకు నాలుగు కిలోలు తగ్గాను. గొంతులో మంట ఎప్పుడో గాని రాదు. పరగడుపు షుగరు 104కి వచ్చింది. ఇంకా వంద లోపుకు రాలేదు. ఇదంతా కూల్ డ్రింకు ఒక్కటే చేసిందనను, రాత్రి భోజనం ఎనిమిదిన్నరకే కొట్టులోనే తినేయడం కూడా మొదలుపెట్టా. మీ అందరికీ ఇలాగే అవుతుందని కూడా చెప్పను. నిద్ర పట్టకపోవడానికి వంద కారణాలుంటాయి. అప్పు, దిగులు, థైరాయిడ్, ఇంట్లో తాగొచ్చే మగాడు. కూల్ డ్రింకు మానితే అవన్నీ పోవు. కానీ మన చేతిలో ఉన్నది ముందు సరిచేసుకోవచ్చు కదా.

ఇంట్లో ఇంకా ఇద్దరున్నారు. మా ఆయన లారీ డ్రైవరు, విశాఖపట్నం నుంచి చెన్నై లైను. రాత్రి బండి మీద నిద్ర ఆపుకోవడానికి ఎనర్జీ డ్రింకులు తాగేవాడు. వాటిలో కెఫీన్ మామూలు కూల్ డ్రింకు కంటే మూడింతలు దాకా ఉంటుంది. నేను ఆయనకు మన భాషలో చెప్పా. నిద్ర ఆపితే తీరిపోయినట్టు కాదు, కిస్తీ వాయిదా వేసినట్టు. అసలు అలాగే ఉంటుంది, వడ్డీతో కలిపి ఒకేసారి అడుగుతుంది. స్టీరింగ్ మీద ఉన్నప్పుడు అడిగితే ఏం కడతావు? ఇప్పుడు కళ్లు మూతలు పడుతుంటే బండి పక్కన ఆపి అరగంట పడుకుంటున్నాడు. అరగంట ఆలస్యమైందని ఓనరు తిడతాడు. తిట్టనీ.

మా అబ్బాయి ఇంటర్. పరీక్షలప్పుడు రాత్రుళ్లు చదవడానికి వాడూ అదే తాగుతున్నాడు, నా ఫ్రిజ్‌లోంచే తీసుకుని. ఒకరోజు డబ్బా మీద ఏం రాసుందో చదవరా అన్నా. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కెఫీన్ పడనివాళ్లకు ఇది తగదు అని ఇంగ్లీషులో ఉంది. ఆ మాట రాయాలన్నది ఆహార భద్రతా సంస్థ నిబంధన. నేను అప్పటిదాకా బడి బట్టల్లో వచ్చిన పిల్లలకు కూడా ఇరవై రూపాయలు తీసుకుని ఇచ్చేదాన్ని. డబ్బా మీద రాసి ఉంది, నేనే చదవలేదు. ఆ రోజు నుంచి పిల్లలకు ఎనర్జీ డ్రింకు అమ్మడం మానేశా. "పక్క కొట్టులో ఇస్తారులే" అని వెళ్లిపోయేవాళ్లున్నారు. పక్క కొట్టు కూడా మన సంఘం సభ్యురాలిదే. అందుకే ఇవాళ ఈ మాట ఇక్కడ చెబుతున్నా.

మనది మామిడి దేశం కదా, ఆ సంగతి కూడా ఒకటి. నూజివీడు రసాలు, బంగినపల్లి ఎక్కడెక్కడికో పోతాయి. కలెక్టరు కాయ గుజ్జుకు పోతుంది. మామిడి పేరుతో వచ్చే సీసా గ్యాసు లేదు కదా, పండే కదా, పిల్లలకు మంచిదే అని కొంటాం. పండ్ల డ్రింకు అని అమ్మాలంటే నూటికి పది పాళ్లు పండు ఉంటే చాలు. మిగతాది నీళ్లు, పంచదార. తోట మనది, కోత కూలీ మనది, తీరా మన పిల్లాడికి చేరేసరికి పండు పోయి పంచదార మిగిలింది. చెట్టు కింద రాలిన చిన్న రసం ఒకటి పిండుకుని తింటే దానికి సాటి ఏముంది? షుగరు ఉన్నవాళ్లు మటుకు అది కూడా కొలిచి తినాలి.

తోటల్లో కోతకు వెళ్లే అక్కలకు ఒక మాట. ఎండలో చెమట కక్కుతూ పనిచేసేవాళ్లకు మేస్త్రీ పెద్ద సీసా కూల్ డ్రింకు తెప్పించి గ్లాసుల్లో పోస్తాడు. అప్పటికప్పుడు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. కానీ చెమటతో పోయింది నీళ్లు, ఉప్పు. వచ్చింది పంచదార. మజ్జిగలో ఉప్పు వేసి అడగండి, లేదా నిమ్మకాయ ఉప్పు నీళ్లు.

విరేచనాలు పట్టుకున్న పసివాళ్లకు అయితే ఈ తేడా ప్రాణం మీదకు వస్తుంది. అసలైన ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపితే గ్లూకోజు పదమూడున్నర గ్రాములే. మందుల షాపుల్లో ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తీపి డ్రింకుల్లో దానికి ఎన్నో రెట్లు పంచదార ఉండేది. అది విరేచనాలను ఇంకా పెంచుతుంది. దీని మీద హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని ఏ డ్రింకు మీదా ఓఆర్ఎస్ అని రాయకూడదని ఆహార భద్రతా సంస్థ ఉత్తర్వు ఇచ్చింది. ఒక ఆడమనిషి సీసా మీద అక్షరాలు చదివి, ఇది తప్పు అని వదలకుండా అడగబట్టి దేశమంతా మారింది. మనం దేశం కోసం కాకపోయినా మన ఊరి కోసం చదువుదాం. పిల్లలకు విరేచనాలైతే ఆశ కార్యకర్త దగ్గరో, అంగన్‌వాడీలోనో ప్యాకెట్ తీసుకోండి, లీటరుకు ఒకటి కలపండి.

ఇప్పుడు అసలు చెప్పదలుచుకున్నది చెబుతాను.

నేను కొట్టులో కూర్చుని ఆరేళ్లు చూశాను, కూల్ డ్రింకు కొనేవాళ్లలో దాహం వేసి కొనేవాళ్లు సగమే. మిగతా సగం మర్యాద కోసం కొంటారు. వియ్యపురాలు వచ్చింది, పరిగెత్తరా, రెండు సీసాలు పట్రా. బ్యాంకు మేనేజరు గారు వచ్చారు, తెప్పించు. చావింటికి పలకరింపుకు వెళ్లొచ్చినవాళ్లకు కూడా తెప్పిస్తారు. ఇంట్లో మజ్జిగ ఉన్నా, "మజ్జిగిస్తే ఏమనుకుంటారో" అని బిడ్డ చేతిలో అరవై రూపాయలు పెట్టి పంపిస్తారు. వచ్చినవాళ్లు కూడా వద్దంటే బాగోదని తాగుతారు. ఇచ్చేవాళ్లకు అక్కర్లేదు, తాగేవాళ్లకు అక్కర్లేదు, మధ్యలో నాకు రెండు మూడు రూపాయలు.

మా చిన్నప్పుడు చుట్టం వస్తే మా అమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, కంచు గ్లాసుతో మజ్జిగ తెచ్చి "దాహం పుచ్చుకోండి" అనేది. ఆ మజ్జిగలో కరివేపాకు, అల్లం, ఉప్పు. మేం పేదవాళ్లమని ఎవరూ అనుకోలేదు. మర్యాద గ్లాసులో ఉండేది, సీసాలోకి ఎప్పుడు దూకిందో మనం చూసుకోలేదు.

ఇది ఒక్కదానివల్ల అయ్యే పని కాదు అంటున్నది అందుకే. నేనొక్కదాన్నే మజ్జిగిస్తే పిసినారిని. ఊరంతా ఇస్తే అదే మర్యాద. పొదుపు కూడా అంతే కదా. ఒక్కత్తి దాచుకుంటే భర్త లాక్కునేవాడు, పదిమంది కలిసి దాచుకుంటే బ్యాంకు మన గుమ్మంలోకి వచ్చింది.

కొట్టు ఏమైంది అని మీరు అడగకముందే చెబుతా. కూల్ డ్రింకులు పూర్తిగా తీసెయ్యలేదు. తీసేస్తే కిస్తీ కట్టలేను. కానీ కొట్టు ముందు ఇసుక పోసి కొత్త కుండ పెట్టాను. కంపెనీ ఫ్రిజ్‌లో నా మజ్జిగ పెట్టకూడదన్నారు కాబట్టి కుండకు తడిబట్ట చుట్టా. గ్లాసు మజ్జిగ పది రూపాయలు, నాకు మిగిలేది అయిదు. పంచదార లేని నిమ్మ సోడా ఉప్పుతో ఇరవై, మిగిలేది ఎనిమిది, పది. మొదటి నెల రాబడి వెయ్యి రూపాయలు తగ్గింది. మా ఆయన ఏమీ అనలేదు గాని, పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. మూడో నెలకు సరిపోయింది. ఇప్పుడు కూల్ డ్రింకుల అమ్మకం సగానికి తగ్గింది, మజ్జిగ, నిమ్మ సోడా ఆ సగాన్ని పూడ్చాయి. లాభం పెరిగిందని గొప్పలు చెప్పను. చాకిరీ పెరిగింది. తెల్లారుజామునే చిలకాలి, గ్లాసులు కడగాలి, వేసవిలో నిమ్మకాయ ధర కొండెక్కి కూర్చుంటుంది. నిద్రపోయి లేచిన ఒళ్లు కాబట్టి చెయ్యగలుగుతున్నా.

రెండు మూడు జాగ్రత్తలు. బీపీ ఉన్నవాళ్లు మజ్జిగలో ఉప్పు తగ్గించుకోండి. షుగరుకు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లకు ఒక్కసారిగా షుగరు పడిపోయి చెమటలు, వణుకు వస్తే అప్పుడు వెంటనే తీపి తాగించాలి, ఆ సమయంలో నా మాటలు గుర్తు తెచ్చుకుని ఆగకండి. కూల్ డ్రింకు మానేశాం కదా అని ఎవరూ మందులు ఆపకండి. అలాగే నన్నారి, బాదం పాలు, పానకం ఇవన్నీ మనవే కాబట్టి మంచివని అనుకోకండి. పానకం శ్రీరామనవమికి ఏడాదికోసారి గనక ప్రసాదం. రోజూ గ్లాసుడు తాగితే అదీ తీపి నీళ్లే.

సమాఖ్యకు నా విన్నపాలు నాలుగు.

మొదటిది, ఇక నుంచి గ్రామ సంఘం సమావేశాల్లో గాని, సమాఖ్య సమావేశాల్లో గాని కూల్ డ్రింకులు తెప్పించొద్దు. ఎంత పెద్ద ఆఫీసరు గారు వచ్చినా సరే. మజ్జిగే ఇద్దాం. ఆ మజ్జిగ ఆర్డరు ఏదో ఒక సభ్యురాలికే ఇద్దాం, ఆ డబ్బు మనలోనే తిరుగుతుంది.

రెండోది, కొట్లు నడిపే సభ్యులమంతా కలిసి, పిల్లలకు ఎనర్జీ డ్రింకులు అమ్మమని మాట ఇచ్చుకుందాం. ఒక్కరు ఆపితే పక్క కొట్టుకు పోతారు, అందరం ఆపితే ఇంటికి పోతారు.

మూడోది, సంఘం మీటింగులో పొదుపు రాసేటప్పుడు రెండు ప్రశ్నలు అడుగుదాం. ఈ వారం ఎన్ని సీసాలు తాగావు? సాయంత్రం నాలుగు తర్వాత ఎన్ని? జరిమానా వద్దు, తిట్టొద్దు. రాసుకుంటే చాలు. రాసింది కళ్లకు కనపడితే చెయ్యి దానంతటదే తగ్గుతుంది. నా అనుభవం అదే.

నాలుగోది, మన ఇళ్లలో జరిగే ఫంక్షన్లలో కూల్ డ్రింకులు పెట్టినా, పక్కనే మజ్జిగ, మంచినీళ్లు కూడా అంతే అందంగా పెడదాం. పెట్టి అడుగుదాం, "ఏం పుచ్చుకుంటారు?" అని. అడిగితే చాలామంది మజ్జిగే అంటారు. ఇప్పటిదాకా మనం అడగలేదు, సీసా చేతిలో పెట్టేశాం.

ఎక్కువ సమయం తీసుకున్నాను, ఏపీఎం గారు గడియారం చూస్తున్నారు. భోజనాల దగ్గర ఇవాళ మజ్జిగ నేనే తెచ్చాను. మూడు బిందెలు. బిల్లు కోశాధికారి గారికి ఇచ్చాను, ఊరికే కాదు లెండి. తాగి, రాత్రి బాగా నిద్రపోయి, రేపు ఎలా ఉందో చెప్పండి.